ఇరవై నాలుగు జేబులు, కొన్నది సున్నా



నవంబరు రాగానే ఇక్కడ ఐర్లండ్‌లో ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ ఒక గోడ లేస్తుంది. అడ్వెంట్ క్యాలెండర్ల గోడ. డిసెంబరు 1 నుంచి 24 దాకా రోజుకో చిన్న తలుపు, తలుపు వెనక ఒక చాక్లెట్. పిల్లలు రోజూ ఒకటి తెరిచి తింటారు. 24 తలుపులు అయిపోతే క్రిస్మస్ వచ్చినట్టు. ఆ తర్వాత మిగిలేది ఒక అట్ట, లోపల ఒక ప్లాస్టిక్ పళ్ళెం, కొన్ని వెండి కాగితం ముక్కలు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. అది కొనకండి. ఇంట్లో తయారు చేసుకోండి. తయారు చెయ్యడానికి కూడా ఏమీ కొనకండి. ప్రతి తలుపు వెనకా ఒక తెలుగు మాట పెట్టండి. మనలాగా తెలుగు సగం వచ్చీ సగం రాని కుటుంబాలకి ఇంతకంటే మంచి డిసెంబరు లేదని నా నమ్మకం. ఈ నమ్మకం నాకు ఒక్కసారిగా రాలేదు. రెండేళ్ళు తప్పులు చేశాక వచ్చింది.

ఈ క్యాలెండర్ పుట్టిందే ఇంట్లో. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో కొన్ని కుటుంబాలు తలుపు మీద సుద్దముక్కతో 24 గీతలు గీసేవి. పిల్లలు రోజుకో గీత చెరిపేవాళ్ళు. ఖర్చు లేదు, చెత్త లేదు. తర్వాత మ్యూనిక్‌లో గెర్హార్డ్ లాంగ్ అనే ఆయన 20వ శతాబ్దం మొదట్లో వీటిని అచ్చు వేసి అమ్మడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒక అట్ట మీద 24 చిన్న బిస్కెట్లు కట్టి ఇచ్చిందట. అది గుర్తుపెట్టుకుని ఆయన వ్యాపారం చేశాడు. క్యాడ్‌బరీ వాళ్ళ చాక్లెట్ క్యాలెండర్ బ్రిటన్‌లో 1971లో వచ్చింది. అంటే ఈ ప్లాస్టిక్ పళ్ళెం నాకంటే చిన్నది. దాన్ని "సంప్రదాయం" అంటే నాకు నవ్వు వస్తుంది. అసలు సంప్రదాయం ఆ అమ్మ చేసిన అట్ట.

మనకూ ఇలాంటి లెక్క ఒకటి ఉంది. చాలామంది గమనించరు. నేనూ అరవై ఏళ్ళు వచ్చేదాకా గమనించలేదు.

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. కోస్తా జిల్లాల్లో "నెలగంట పెట్టారు" అంటారు. నాకు ఈ మాట చాలా ఇష్టం. సంక్రాంతి ఇంకా నెల రోజులు ఉంది అని గంట కొట్టి చెప్పినట్టు ఉంటుంది. ఆ రోజు నుంచి గుడిలో రోజుకో తిరుప్పావై పాశురం. మొత్తం 30. ఇంటి ముందు రోజుకో ముగ్గు, ముగ్గు మధ్యలో ఆవు పేడతో చేసిన గొబ్బెమ్మలు. ఆ గొబ్బెమ్మల్ని పారేసేవాళ్ళు కాదు. వాటిని పిడకలుగా తట్టి ఎండబెట్టేవాళ్ళు. పిల్లలు కూడా మధ్యలో చిల్లు పెట్టి చిన్న చిన్న పిడకలు చేసేవాళ్ళు. ఎండిన పిడకల్ని తాడుకి గుచ్చి దండ చేసేవాళ్ళు. భోగి రోజు తెల్లవారుజామున ఆ దండ మంటలో వెయ్యాలి. రోజులు గడుస్తుంటే దండ పెరుగుతుంది. దండ నిండితే పండగ వచ్చినట్టు. పండగ రోజు అది బూడిద. చెత్తబుట్టలో వెయ్యడానికి ఏమీ మిగలదు.

చూడండి, ఇది కౌంట్‌డౌన్ కాకపోతే ఏమిటి? జర్మనీ పిల్లలు గీతలు చెరిపారు, మన పిల్లలు పిడకలు గుచ్చారు.

ఇప్పుడు నా తప్పులు.

మొదటి ఏడాది "ఇంట్లోనే చేస్తాను" అని గొప్పగా చెప్పి క్రాఫ్ట్ షాపుకి వెళ్ళాను. రంగు గుడ్డలు, జిగురు గన్, బంగారు రంగు రిబ్బను, 24 చిన్న పెట్టెలు, ఆ పెట్టెల్లో పెట్టడానికి 24 చిన్న బొమ్మలు. మొత్తం ఖర్చు నాలుగు చాక్లెట్ క్యాలెండర్ల కంటే ఎక్కువ. జనవరిలో బొమ్మలు సోఫా కింద, వాక్యూమ్ క్లీనర్ సంచీలో దొరికాయి. చేత్తో చేసినంత మాత్రాన చెత్త తగ్గదు. ఈ విషయంలో నన్ను నమ్మండి. "హోమ్‌మేడ్" అనే మాట ఇప్పుడు ఒక షాపు పేరులాగా అయిపోయింది.

రెండో ఏడాది ఒక్క పైసా ఖర్చు పెట్టలేదు. పాత కవర్లు 24 తీసుకుని ఒక్కో దాంట్లో ఒక తెలుగు మాట, దాని అర్థం రాసి పెట్టాను. "వినయం." "క్రమశిక్షణ." "పరిశుభ్రత." అయిదో రోజున మా మనవరాలు కవరు తెరవకుండానే నా చేతికి ఇచ్చింది. "అమ్మమ్మా, ఇది హోంవర్క్" అంది. తెలుగులో అన్న వాక్యమే, కానీ నేను సంతోషించలేకపోయాను.

ఆ రాత్రి నాకు మా స్కూలు గుర్తొచ్చింది. ఇంగ్లీషు మీడియం. తెలుగు మాట్లాడితే పది పైసలు ఫైను. క్లాస్ లీడరు ఒక నోటుబుక్కులో మన పేరు పక్కన గీత గీసేది. సాయంత్రం టీచరు గీతలు లెక్కపెట్టేవారు. నేను మంచి విద్యార్థిని, నా పేరు పక్కన గీతలు తక్కువ. అలా తక్కువ చేసుకుంటూ పోయి, చివరికి మా అమ్మ రాసిన ఉత్తరాలు చదవలేని దాన్ని అయ్యాను.

ఐర్లండ్ వచ్చాక తెలిసింది, ఇక్కడ కూడా అలాంటిది ఉండేదని. పంతొమ్మిదో శతాబ్దంలో కొన్ని చోట్ల పిల్లల మెడలో ఒక కర్ర వేలాడదీసేవాళ్ళు. ఐరిష్‌లో ఒక మాట మాట్లాడితే కర్ర మీద ఒక గాటు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. ఇప్పుడు మా మనవరాలు అదే దేశంలో బడిలో రోజూ ఐరిష్ నేర్చుకుంటుంది. పాటలతో, ఆటలతో. ఆ బడి నాకు ఒక విషయం నేర్పింది. మాటల్ని లెక్కపెట్టడంలో తప్పు లేదు. ఎందుకు లెక్కపెడుతున్నాం అన్నదే ముఖ్యం. మా నోటుబుక్కు మాటల్ని తగ్గించడానికి లెక్కపెట్టింది. మన క్యాలెండర్ పెంచడానికి లెక్కపెట్టాలి. నేను 24 కవర్లలో పెట్టిన మాటలు ఆ స్కూలు గోడ మీద ఉండే మాటలే. పిల్ల చెప్పింది నిజమే.

మూడో ఏడాది ఒక్క నియమం పెట్టుకున్నాను. జేబులో పెట్టే మాట చెయ్యగలిగే మాట అయి ఉండాలి.

మొదటి రోజు మాట "చక్కిలిగింత." అర్థం రాయలేదు. చేసి చూపించాను. మనవడికి ఐదేళ్ళు, వాడు నేల మీద పడి దొర్లాడు. మర్నాడు బడికి వెళ్ళేముందు "చక్కిలిగింత కావాలి" అన్నాడు. ఐదు అక్షరాల మాట. సున్న ఉంది, ఒత్తు ఉంది. నేను చిన్నపిల్లలకి కష్టం అనుకున్న మాట. ఒక్క రోజులో వచ్చేసింది.

తర్వాత "ఆవులింత." ఆ కాగితం చదవగానే అందరికీ ఆవులింతలు. "గలగల" అంటే డబ్బాలో నాణేలు ఊపడం. "దాగుడుమూతలు" ఆడాం. "ముగ్గు" రోజున ఇంటి ముందు బియ్యప్పిండితో నాలుగు చుక్కల ముగ్గు వేశాం. అరగంటలో వాన వచ్చి కడిగేసింది. పిండి కదా, పురుగులో పిట్టలో తింటాయి. రంగుల పొడి వాడలేదు.

"చిల్లర" రోజున ఖాళీ సీసాలు, డబ్బాలు సంచీలో వేసుకుని షాపుకి వెళ్ళాం. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఐర్లండ్‌లో ప్లాస్టిక్ సీసాల మీదా అల్యూమినియం డబ్బాల మీదా డిపాజిట్ ఉంది కదా. అర లీటరు వరకు 15 సెంట్లు, అంతకంటే పెద్దదైతే 25 సెంట్లు. మెషీన్‌లో వేస్తే రసీదు వస్తుంది. ఎంత వచ్చిందో పిల్లలు తెలుగులో లెక్కపెట్టారు. "పదిహేను, ముప్ఫై, నలభై ఐదు." ఈ దేశం చెత్త విషయంలో ముందే మేలుకుంది. 2002లో ప్లాస్టిక్ సంచీకి 15 సెంట్ల పన్ను పెట్టారు, జనం గుడ్డ సంచీలకి మారిపోయారు. చిన్న లెక్క, పెద్ద మార్పు.

21వ తేదీ మాట "పొద్దుపొడుపు." మీకు తెలుసు, ఇక్కడ డిసెంబరులో సూర్యోదయం చూడడానికి తెల్లవారుజామున లేవక్కర్లేదు. ఎనిమిదిన్నర దాటాక వస్తాడు. మీత్ కౌంటీలో న్యూగ్రేంజ్ ఉంది. ఐదు వేల ఏళ్ళ కంటే పాత రాతి కట్టడం. శీతాకాలంలో అతి చిన్న పగలు వచ్చే రోజుల్లో, మబ్బు లేకపోతే, పొద్దుటి ఎండ సన్నని సందులోంచి లోపలి గదిదాకా వస్తుంది. పదిహేడు నిమిషాలు ఉంటుంది. ఆ రోజు కోసం వాళ్ళూ ఎదురుచూసి ఉంటారు. మేము అక్కడికి వెళ్ళలేదు. వంటగది కిటికీ దగ్గర నిలబడి పాలు తాగుతూ చూశాం. పొద్దు పొడిచింది, మబ్బు వెనక.

ఇక తయారీ గురించి. చాలా సులువు.

నేను ఒక పాత మంగళగిరి నూలు చీర తీసుకున్నాను. మడతల దగ్గర చిరిగిపోయింది, కట్టడానికి పనికిరాదు. ఒక మీటరు ముక్క వెనక గుడ్డగా ఉంచి, మిగిలిన దాంట్లో 24 జేబులు కత్తిరించాను. వరసకి ఆరు, మొత్తం నాలుగు వరసలు. చేతి కుట్టు. రోజూ సాయంత్రం అరగంట కుట్టితే వారంలో అయింది. కుట్లు వంకరగా ఉన్నాయి, ఎవరూ అడగలేదు. పైన విరిగిన చీపురు కర్ర ఒకటి దూర్చి మేకుకి తగిలించాను. జేబుల్లో పెట్టే చీటీలు పాత పెళ్ళి శుభలేఖల వెనక వైపు కత్తిరించినవి. మీకు కుట్టడం రాకపోతే పాత కవర్లు, బట్టల క్లిప్పులు, ఒక తాడు చాలు. ఖాళీ అగ్గిపెట్టెలు, కోడిగుడ్ల అట్టలు కూడా బాగుంటాయి. నియమం ఒకటే, ఇంట్లో ఇప్పటికే ఉన్నది.

జేబుల మీద అంకెలు తెలుగు అంకెలు రాయండి. ౧, ౨, ౩ ఇలా ౨౪ దాకా. వీటిని ఇప్పుడు ఆంధ్రాలో, తెలంగాణలో కూడా రోజువారీ వాడుకలో అంతగా రాయరు. కాబట్టి అమ్మమ్మ, అమ్మ, మనవరాలు అందరూ ఒకే గీత దగ్గర మొదలుపెడతారు. మా ఇంట్లో ముందు నేర్చుకుంది పిల్లే. నేను ౭, ౯ ఇప్పటికీ చూసుకుని రాస్తాను.

"మరి తినడానికి ఏమీ లేదా?" అని మా మనవడు మొదటి రోజే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. డిసెంబరులో ఇక్కడ చిన్న కమలాలు ప్రతి షాపులో సంచీలకొద్దీ ఉంటాయి. నేను వల సంచీలో ఉన్నవి కాకుండా విడిగా ఉన్నవి తెస్తాను. రోజుకో కాయ. 16వ తేదీన, అంటే మన నెలగంట రోజున, ఇంకో పని మొదలవుతుంది. కాయ ఒలిచాక తొక్కలోంచి రూపాయి బిళ్ళంత గుండ్రటి ముక్క కత్తిరిస్తాం. మధ్యలో చిల్లు పెడతాం. రేడియేటర్ మీద పాత పళ్ళెంలో ఎండబెడతాం. ఎండాక దారానికి గుచ్చుతాం. అవును, భోగి పిడకలు. ఈ దేశంలో మనుషుల కంటే పశువులు ఎక్కువ, పేడకి కొదవ లేదు. కానీ రైతు తలుపు తట్టి అడగడానికి నాకు ఇంకా ధైర్యం చాలలేదు.

24న క్రిస్మస్ జేబులు అయిపోతాయి. దండ ఆగదు. మధ్యలో జనవరి 6 వస్తుంది. ఐరిష్‌లో "నొల్లిగ్ నా మాన్", ఆడవాళ్ళ క్రిస్మస్. ఆ రోజు ఆడవాళ్ళకి ఇంటిపని నుంచి సెలవు, క్రిస్మస్ అలంకరణలు తీసేసే రోజు కూడా. మా ఇంట్లో ఆ రోజు కమలా ఒలిచి చిల్లు పెట్టేది మా అల్లుడు. భోగి నాటికి దండలో ముప్ఫై దాకా బిళ్ళలు ఉంటాయి. ఇక్కడ పెరట్లో మంట వెయ్యకూడదు, కాబట్టి హాల్లో ఉన్న కట్టెల పొయ్యిలో వేస్తాం. ఎండిన కమలా తొక్క చిటపటమంటూ మండుతుంది. ఇల్లంతా వాసన. పొయ్యి లేని ఇళ్ళలో దండని మొక్కల మొదట్లో వేసినా, బ్రౌన్ బిన్‌లో వేసినా సరే.

ఒక అభ్యంతరం చాలాసార్లు విన్నాను. "గుడిలో సేవ చేసే మీకు క్రిస్మస్ లెక్క ఎందుకండీ?" అని ఒక స్నేహితురాలు అడిగింది. కోపంగా కాదు, బాధగా అడిగింది. పిల్లలు మన పండగలు మరిచిపోతారని ఆమె భయం. ఆ భయం నాకూ ఉంది. కానీ రెండు మాటలు చెప్పాలి. ఒకటి, క్రిస్మస్ తెలుగువాళ్ళకి పరాయిది కాదు. మెదక్ చర్చిలో మొదటి ఆరాధన 1924 డిసెంబరు 25న జరిగింది, వందేళ్ళు దాటింది. గుంటూరులో మా వీధిలో వెదురు పుల్లలు, రంగు కాగితాలతో చేసిన నక్షత్రాలు వేలాడేవి. అవీ ఇంట్లో చేసినవే. క్రిస్మస్‌కి ముందు జరిగే "సెమీ క్రిస్మస్" అనే మాట వేరే ఎక్కడైనా ఉందో లేదో కానీ తెలుగులో ఉంది. రెండు, మా పిల్లలు ఎలాగూ డిసెంబరు 1 నుంచి లెక్కపెడతారు. బడిలో అందరూ లెక్కపెడతారు. ఆ లెక్క తెలుగులో ఉండాలా, ప్లాస్టిక్‌లో ఉండాలా అన్నది మాత్రమే మన చేతిలో ఉంది. తెలుగులో మొదలైన లెక్క భోగిదాకా దానంతట అదే నడిచింది. క్రిస్మస్ వద్దన్న రెండు ఇళ్ళలో భోగికి పిల్లలు నిద్ర లేవలేదు.

ఇంకో అభ్యంతరం, "మాకే తెలుగు సరిగ్గా రాదు, 24 మాటలు ఎక్కడ తేవాలి?" మీకు వచ్చిన మాటలే పెట్టండి. మీ అమ్మ వంటింట్లో అనే మాటలు, మిమ్మల్ని తిట్టిన మాటలు కూడా. స్పెల్లింగ్ తప్పు పోయినా పరవాలేదు. నాకు ళ, ల ఇప్పటికీ తారుమారు అవుతాయి. పాత చీరని మూలన పడేస్తే చెత్త, జేబులు కుడితే క్యాలెండర్. మాట కూడా అంతే.

నా 24వ జేబు మాట నేను డిక్షనరీలోంచి తియ్యలేదు. మా అమ్మ ఉత్తరాల్లోంచి తీశాను. నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ ఉత్తరాలు చదవడానికే. నీలం రంగు ఇన్‌ల్యాండ్ లెటర్లు, నా పెళ్ళయిన కొత్తలో రాసినవి. అప్పట్లో వాటి కింద నాన్నగారు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసేవారు, నేను అవి మాత్రమే చదివేదాన్ని. ప్రతి ఉత్తరం చివర అమ్మ ఒకే వాక్యం రాసింది. "నువ్వు నిమ్మళంగా ఉండు." నాన్నగారు దాన్ని ఎప్పుడూ ఇంగ్లీషు చెయ్యలేదు. అరవై రెండేళ్ళ వయసులో వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. ని, మ్మ, ళం. అర్థం కోసం వెతకాల్సి వచ్చింది. ఆందోళన లేకుండా, స్థిమితంగా ఉండడం.

ఐర్లండ్‌లో క్రిస్మస్ ముందు రాత్రి కిటికీలో ఒక కొవ్వొత్తి పెడతారు, దారిలో ఉన్నవాళ్ళకి ఈ ఇంట్లో చోటుంది అని చెప్పడానికి. మేము దీపం పెట్టాం. ఆ రోజు చెయ్యాల్సిన పని ఏమిటని మనవరాలు అడిగింది. ఫోన్లు పక్కన పెట్టి దీపం దగ్గర పది నిమిషాలు కూర్చోవడమే అన్నాను. కూర్చున్నాం. మనవడు నాలుగు నిమిషాలు కూర్చున్నాడు.

ఇవాళ నుంచి డిసెంబరు 1 దాకా మీకు సమయం ఉంది. ఒక పాత గుడ్డ వెతకండి. ఒక్క మాటతో మొదలుపెట్టండి.